వందలో ఒకరు

"ఏమీ లేదని ప్రతిసారీ చెబుతూనే ఉన్నారుగా, ఇంకా ఎందుకు ఏటేటా ఆ ఆసుపత్రి చుట్టూ తిరగడం?" అన్నాడాయన, ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

ఆమె కాలరు మీద మరోసారి పెట్టె తోసి, చొక్కా అందించింది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో మాత్రం ఆమెను ఎవరూ రిటైర్ చేయలేదు.

కొన్నేళ్ల కిందట మోకాళ్ల నొప్పులకని చేసిన పరీక్షలో, రక్తంలో ఉండకూడని ప్రొటీనేదో బయటపడింది. "ఇది క్యాన్సర్ కాదండీ. ఏడాదికి వందమందిలో ఒక్కరికి అలా మారొచ్చు. చాలామంది దీంతోనే ముసలివాళ్లయి, మరేదో కారణంతో పోతారు. ఏటా ఓసారి చూపించుకోండి, చాలు" అంది డాక్టరమ్మ. ఇంట్లోవాళ్లకు మొదట క్యాన్సర్ అన్న మాటే వినబడింది. ఆ వారమంతా కోడలు గిన్నెలు తోమింది. ఆయన తన కంచం తానే తీశాడు. ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, నువ్వు మంచం దిగకు" అంది. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె పట్టపగలు నడుం వాల్చింది. తర్వాత మెల్లగా 'కాదు' అన్న మాట కూడా అందరి చెవికీ ఎక్కింది. "మా ఆవిడ రక్తంలో ప్రొటీన్లు పొంగిపొర్లుతున్నాయిట, ఇంక గుడ్లూ పాలూ మాకే!" అని ఆయన చుట్టాల ముందు జోకేస్తే అందరూ నవ్వారు. టీ కప్పులందిస్తూ ఆమె కూడా నవ్వింది.

అప్పుడే పుట్టింది ఆ పాడుబుద్ధి. ఫలితం కోసం కూర్చున్నప్పుడల్లా లోపలెక్కడో చిన్న ఆశ: ఆ ఒక్కరూ తనే అయితే? "మార్పేమీ లేదు" అని డాక్టరమ్మ అనగానే ఉసూరుమనేది ప్రాణం. ఆ వెంటనే తన మీద తనకే రోత. మనవలున్న మనిషి కోరవలసిన కోరికేనా ఇది? పైకి అంటే మొహాన ఉమ్మేయరూ?

ఈ ఏడూ అదే మాట. బయటికొస్తుంటే వరండాలో టైలరమ్మ కనిపించింది. ఇద్దరి రక్తంలోనూ అదే ప్రొటీను. ఏటా ఒకే బెంచీ మీద ఎదురుచూసి స్నేహితులయ్యారు. ఇప్పుడు టైలరమ్మ నడుముకు గట్టి పట్టీ, చేతిలో కర్ర.

"నాది మారిపోయిందక్కా. వెన్నుపూస విరిగేదాకా తెలీలేదు."

ఆమెకు మొదట కలిగింది జాలి కాదు, అసూయ. రెప్పపాటే. కానీ టైలరమ్మ చెయ్యి పట్టుకుని, "నీది మారలేదుగా? హమ్మయ్య, ఒక్కళ్లమైనా బయటపడ్డాం" అనేసరికి తల కొట్టేసినట్టయింది.

"మందెక్కిస్తారట. ఒక్కదాన్నే వచ్చా. కాసేపు కూర్చుంటావా అక్కా?"

"అయ్యో, ఇంట్లో వంట..." నోరు అలవాటు కొద్దీ అనేసింది.

"అవునవును, వెళ్లు వెళ్లు" అంది టైలరమ్మ, తప్పు తనదైనట్టు.

మెట్ల దగ్గర ఆమె ఆగిపోయింది. రోగమొస్తే తప్ప కూర్చునే హక్కు లేదని ఆయన ఎప్పుడూ అనలేదు. అనే అవసరం ఆయనకు ఎప్పుడు రానిచ్చింది గనక! ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న ఆ పాఠమే ఇవాళ తోటి ఆడదాని జబ్బు చూసి కుళ్లుకునేలా చేసింది. ఇప్పుడు టైలరమ్మను ఒంటరిగా వదిలి పొమ్మంటోంది.

వెనక్కి తిరిగింది. మందెక్కించే గదిలో టైలరమ్మ పక్కన చోటు చేసుకుని ఇంటికి ఫోన్ చేసింది.

"నేనీపూట రాను. వంట మీరు చూసుకోండి."

"అదేంటి? ఏమైనా తేలిందా?" ఆయన గొంతు నిజంగానే వణికింది. ఒక చిన్న అబద్ధం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఏం తేలలేదండీ. బాగానే ఉన్నాను. అందుకే రావడం లేదు."