ఒక్క మచ్చ లేని కార్డులు

మా పిచికారీ పరిశోధన కేంద్రంలో నా ఉద్యోగం చుక్కలు లెక్కపెట్టడం. నవ్వకండి, దీనికి డిగ్రీ కావాలి. అరచేతిలో పట్టేంత పసుపు కార్డు మీద నీటిచుక్క పడితే అక్కడ నీలం మచ్చ తేలుతుంది. పొలంలో వరసగా కార్డులు నిలబెట్టి, యంత్రంతో నీళ్ళు కొట్టించి, కార్డులు ఏరుకొచ్చి, భూతద్దం కింద మచ్చలు లెక్కపెడతాను. ఆరేళ్ళుగా ఇదే పని. గోడ మీద ఈగలు వాలినా నా కళ్ళు వాటంతటవే లెక్క మొదలుపెడతాయి.

మా పెద్దసారుని చాటుగా తుంపర సారు అంటాం. ఆయన కనిపెట్టిన నాజిల్ నీళ్ళని పొగలా చేసేస్తుంది. మొదట దాన్ని ఫ్యాక్టరీలో ఇనప రేకులకి నూనె పట్టించడానికి తయారుచేశాడు. నూనె రేకులకి తప్ప అందరి ముక్కుల్లోకీ వెళ్ళిందని వాళ్ళు ఓ దణ్ణం పెట్టి తిప్పి పంపారు. దాంతో సారుకి ఉన్నపళంగా రైతుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అదే నాజిల్‌ని ట్రాక్టరు వెనక బిగించి తోటలకి పురుగుమందు కొట్టే యంత్రం అన్నాడు. పది మీటర్లు దాటి మందు పోదట, అదీ దాని గొప్ప. రుజువేమిటంటే, పది మీటర్ల అవతల కార్డులన్నీ పసుపుగానే ఉంటాయి. లెక్కపెట్టింది నేనే. సున్నా, సున్నా, సున్నా.

ఈ సున్నాలు మా అక్క మెడకి చుట్టుకుంటాయని నేననుకోలేదు. అక్కకి నలభై తేనెపెట్టెలున్నాయి. ఓ పండ్లతోట కంచెకి ముప్ఫై మీటర్ల దూరంలో పెట్టుకుంది. సారు యంత్రానికి అనుమతి రాగానే మొదట అసలు మందు కొట్టబోయేది ఆ తోటలోనే. చుట్టూ పొలాలు పూత మీదున్నాయి. ఇప్పుడు పెట్టెలు తీస్తే ఈ ఏడాది తేనె లేనట్టే. తీయకపోతే, మందు అటొస్తే, తేనెటీగలే ఉండవు.

“నువ్వేగా లెక్కపెట్టేది? ఉంచనా, తీయనా?” అని అక్క ఫోన్ చేసింది.

“ఉంచక్కా. అక్కడికి ఒక్క చుక్క రాదు,” అన్నాను, నా ఆరేళ్ళ అనుభవం ఒలకబోస్తూ.

ఆ మాట మా మావయ్య చెవిన పడింది. మా అమ్మ తమ్ముడు. ఇరవయ్యేళ్ళు కార్లకి రంగు కొట్టి, ఇప్పుడు మా వర్క్‌షాపులో యంత్రాలకి కొడుతున్నాడు. ల్యాబులో ఎవరూ ఆయన్ని ఏమీ అడగరు, డబ్బాలు అడ్డం తీయమంటారంతే.

“అమ్మడూ, ఇలా రా,” అని నన్ను తీసుకెళ్ళి, వర్క్‌షాపులో ఓ మూలనున్న పాత కారు బానెట్టు మీద నా చెయ్యి పెట్టించాడు. గరగరలాడింది. “నిన్న అవతలి మూల ట్యాంకుకి రంగు కొట్టాను. ఇక్కడికెలా వచ్చింది?”

“ఎగిరొచ్చింది.”

“తడిగానే వచ్చిందా?”

రాలేదు. దారిలోనే ఎండి, పొడిగా వాలింది.

“మీ కార్డుకి తడి తగిలితేనే కదా నీలం తేలేది? పొగంత సన్నటి చుక్క పది మీటర్లు పోయేలోపు ఎండిపోదూ? నీళ్ళు ఎండుతాయి సరే, అందులో మందు ఎక్కడికి పోతుందే పిచ్చిదానా?”

సిగ్గుతో తల వాలిపోయింది. ఇన్నాళ్ళూ నేను లెక్కపెట్టింది తడిని. మందు సంగతి నాకేమీ తెలియదు.

తిన్నగా సారు గదికెళ్ళాను. “సార్, ఒక్కసారి ట్యాంకులో రంగు కలిపి, ముప్ఫై మీటర్ల దగ్గర తడిగుడ్డ కట్టి చూద్దాం.”

“ఇది పరిశోధన కేంద్రమమ్మా, అద్దకం దుకాణం కాదు. ఎవరిచ్చారు ఈ సలహా?”

“మన పెయింటరు.”

సారు పకపకా నవ్వాడు. పక్కనున్న ఇద్దరు డాక్టరేట్లూ సారు ఎంతసేపు నవ్వితే అంతసేపూ నవ్వి, ఆయన ఆపగానే ఆపారు.

మర్నాడు అనుమతి కమిటీ ముందు ప్రదర్శన. ట్యాంకులో ఉత్త నీళ్ళేనని అందరి నమ్మకం. పొద్దున్నే మావయ్యా నేనూ అందులో మిఠాయిల్లో వేసే ఎర్రరంగు కుమ్మరించాం. ఉద్యోగం పోతే పోయిందిలే అని ధైర్యం చెప్పుకున్నాను.

గాలి వీచేవైపే, ముప్ఫై మీటర్ల దూరంలో, సారు కుర్చీలు వేయించాడు. తన కార్డుల మీద అంత నమ్మకం. ఎండ మాడ్చేస్తోంది. అందరివీ తెల్లచొక్కాలు, అందరికీ చెమటలు. యంత్రం రయ్యిమంది. కాసేపు ఏమీ కనిపించలేదు. వాలింది పొడి కదా. తర్వాత ఆ పొడి చెమటకి కరిగి, కమిటీ అధ్యక్షుడి బట్టతల మీంచి మెడకి గులాబీరంగు చార దిగింది. పక్కాయన కాలరు ఎర్రబడింది. సారు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. మొహమంతా ఎర్రగా అలుక్కుపోయింది. ఆ మొహంతోనే కుర్చీల పక్కన నిలబెట్టిన కార్డు పైకెత్తి, “చూడండి, ఒక్క మచ్చ లేదు!” అన్నాడు. కార్డు మీద నిజంగానే లేదు.

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. “రంగు నేనే కలిపాను. మీ మొహాల మీదున్నది పురుగుమందయితే ఏం చేసేవారు?” అని అడిగేశాను.

కమిటీవాళ్ళు మొహాలు తుడుచుకుంటూ లేచారు. లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. రెండు గంటలు చర్చ జరిగింది. యంత్రం పని అయిపోయిందనుకున్నాను నేను, బుద్ధి లేక.

బయటికి కాయితం వచ్చింది. యంత్రానికి అనుమతి ఇచ్చారు. దానికి రెండు షరతులు: ఇకపై ద్రవంలో రంగు కలపరాదు, ప్రదర్శనకి వచ్చేవారు ముదురురంగు దుస్తులు వేసుకోవాలి. అడుగున, ముప్ఫై మీటర్ల కార్డుల మీద మచ్చలు సున్నా అని రాసి, నా సంతకానికి చోటు వదిలారు.

“కార్డుల మీద సున్నాయేగా? అబద్ధం రాయమనడం లేదుగా?” అన్నాడు సారు, చెవుల వెనక ఇంకా ఎర్రగానే. “పెట్టెయ్యి. రంగు సంగతి నేను మర్చిపోతాను.”

పెట్టేశాను. అప్పటిదాకా వాళ్ళని తిట్టుకున్నదీ నేనే.

సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను. “పెట్టెలు తీసెయ్యక్కా. ఇవాళే.”

“అదేంటే? తోటాయన ఇప్పుడే కాయితం చూపించాడు. సున్నా అని ఉంది. కింద నీ సంతకం కూడా ఉంది.”

“ఉంది. అయినా తీసెయ్.”

పెట్టెలు కట్టడానికి తాళ్ళు తెమ్మని అక్క ఎవరికో కేకేసింది.

“నాకైతే చెప్పడానికి చెల్లెలుంది,” అంది నాతో. “ఈ కంచె పక్కన పొలాల్లో రోజూ కలుపు తీసేవాళ్ళున్నారు. వాళ్ళకెవరున్నారే?”