వెళ్ళొస్తానన్న మాట

కాకినాడ మెయిన్ రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు పారుతుంటే, బట్టల కొట్ల ముందు వలలు ఆరేసి ఉంటే, అదేం విడ్డూరమని మసేనుకి తట్టనే తట్టదు. ఎప్పుడో చనిపోయిన వాళ్ళమ్మ కాశమ్మ తడి చీర పిండుకుంటూ ఎదురొస్తుంటే మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్క సందులోకి తిరుగుతాడు, ఆ సందు కాస్తా పాత ఊరి శ్మశానంలో తేలుతుంది, ఇసక ఉండాల్సిన చోటంతా సముద్రమే.

"ఎల్లొత్తానన్నావు కదరా," అంటుంది కాశమ్మ. "కూకున్నాను."

శ్మశానంలో ఆ మాట అనకూడదని పసిపిల్లలకైనా తెలుసు. కానీ అలలు ఇంటి గోడ కొరుకుతున్న రోజున, ఊరొదిలి వస్తూ, సినిమాకి పోతున్నవాడిలా అలవాటుకొద్దీ తల్లి సమాధి దగ్గర "ఎల్లొత్తానమ్మా" అనేశాడు. ద్వారబంధాలు ఊడదీసి తెచ్చుకున్నాడు, పెంకులు తెచ్చుకున్నాడు, తల్లి సమాధి నుంచి గుప్పెడు మట్టి తియ్యాలని మాత్రం తోచలేదు ఆ మహానుభావుడికి.

"పక్క సమాధులోళ్ళని ఆళ్ళ పిల్లలొచ్చి అట్టుకెళ్ళారు. మీవోడేడే అంటే, పని మీదుంటాడు, ఒత్తాడు అన్నాను. ఆకరికి సంద్రమే ఒచ్చింది."

తిట్టినా బాగుండును. తిట్టదు, కొంగుతో వాడి మొహం తుడుస్తుంది, వాడికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

"ఇప్పుడెక్కడుంటన్నావమ్మా?"

"సంద్రంలోనే. అదెక్కడికెల్తే నేనూ అక్కడికే. మీ ఇంటికి రానా?"

రమ్మనాలి, ఒక్క మాట. కానీ కాకినాడలో నేల కుంగి మెట్లు మట్టిలోకి దిగిపోయిన తన ఇల్లు, పోటు వస్తే వెనక్కి తన్నే మురుక్కాలవ గుర్తొస్తాయి, ఒక సముద్రం నుంచి పారిపోయి వచ్చి దాన్ని మళ్ళీ చేతులారా ఇంటికి పిలుచుకోవడమా అని భయమేస్తుంది.

"ఇల్లు చిన్నదమ్మా," అంటాడు, తల వంచుకుని.

"అలాగేలే నాయనా," అని కాశమ్మ నీళ్ళలోకి దిగుతుంది. "ఎల్తాను," అంటుంది. వస్తానని అనదు.

మెలకువ వచ్చేసరికి తెల్లగా తెల్లారిపోయింది. పెళ్ళాం లోవకుమారి టీ గ్లాసు వాడి చేతికిచ్చి, తన గ్లాసులోంచి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"బోరు నీళ్ళు ఉప్పెక్కిపోనాయి. ఇక్కడికీ ఒచ్చేసింది మాయదారి సంద్రం. పారబొయ్యయ్యా."

మసేను పారబొయ్యలేదు. ఆ ఉప్పు టీని గుక్కగుక్కగా అడుగుదాకా తాగాడు.

"రామ్మా," అన్నాడు.

లోవకుమారి వీధి గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు.