డబ్బా అడుగు

మైక్రోస్కోపు కింద, తిండి అందని కణాలు తమలోని పాత చెత్తనే కరిగించి తింటున్నాయి. అది చూసిన పరిశోధకురాలికి అమ్మమ్మ వంటగది గుర్తొచ్చింది. "అడుగు ఊడ్చందే కొత్త సరుకు గడప తొక్కదు!" అంటూ డబ్బాలు గీకించేది ఆ మహాతల్లి.

"అయితే, పస్తుంటే ముసలితనం రాదా?" అన్నాడు పక్క బల్ల డాక్టరు.

"ఎలుకల్లో కొంత కనబడింది. మనుషుల్లో ఇంకా తేలలేదు. తేలందాన్ని తేలిందని చెప్పడం నా వల్ల కాదు," అని కసిరిందామె.

అమ్మమ్మ పోయాక ఇంట్లోవాళ్లు డబ్బాలన్నీ తెరిచి చూశారు. నలుసైనా లేకుండా అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్కటి మాత్రం మూతదాకా నిండుంది. మనవరాలి జుట్టు నెరిసినా సరే, ఆమె బిస్కెట్ల డబ్బాని ఆవిడ ఏనాడూ పస్తు పెట్టలేదు.