యాదగిరి కట్టిన ముడి

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. తల నెరిశాక పలక పట్టిన చెయ్యి ఇది, మెల్లగా సాగుతుంది. మా రేవు గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను.

మంజీర మీద ఆనకట్ట కట్టాక పాత ఊళ్ళు మునిగిన వాళ్ళమంతా నీళ్ళ ఒడ్డున గుడిసెలు వేసుకున్నాం. చూస్తుండగానే అది చిన్న పట్నమైంది. తారు పూసి బోర్లించిన గుండ్రటి పుట్టి పడవలు, గుంజల మీద ఆరే వలలు, రంపపు పొట్టులో దాచిన ఐసు గడ్డలు, పాండురంగం సేటు కిరాణా కొట్టు, పక్కనే చాయ్ హోటల్. పొద్దున్నే లారీ వచ్చి చేపలు పటాన్‌చెరు తీసుకుపోయేది. అక్కడ కంపెనీల్లో పనిచేసే బీహారు, ఒడిశా వాళ్ళు ఆదివారం మా చేపలే వండుకునేవాళ్ళు. "మనూరికి ఒక కాలు నీళ్ళల్ల, ఒక కాలు లారీల," అని నా భర్త యాదగిరి నవ్వేవాడు.

ఒక ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచింది. యాదగిరి పెళ్ళివాళ్ళను అవతలి ఒడ్డున దింపి, ఒక్కడే తిరిగి వస్తున్నాడు. పుట్టి మాత్రం వచ్చింది, బోర్లా.

మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళు మనిషిని తీసుకుంటే, అతను దొరికేదాకా ఎవరూ వల వెయ్యరు. మనిషి చేపలా వలలో చిక్కకూడదని. ఎంత వెతికినా దొరక్కపోతే, అతను మూటగట్టి ఉంచిన వలను భార్య విప్పాలి. ఆ వలలో పడ్డ మొదటి చేప ఆమె పొయ్యి మీదే ఉడకాలి. అంతవరకు రేవు ఆగాల్సిందే.

ఎంత వెతికినా యాదగిరి దొరకలేదు. అతని వల మూట మా గుడిసె ముందు గుంజకు వేలాడుతూనే ఉంది. మా అత్త ముత్యమ్మ దాని కిందే కూర్చుంది.

"నువ్వు ముడి ఇప్పితే నా కొడుకు సచ్చినట్టే," అంది నాతో. "ఈతరానోడా వాడు? ఏ ఒడ్డుకో పడి ఉంటడు."

నేనూ అదే నమ్మాను.

విప్పమని ఒక్కరూ అడగలేదు. ఎవరో ఒకరు జొన్న గటక, చారు తెచ్చి పెట్టేవాళ్ళు. వల వేసేవాళ్ళ పెద్దమనిషి చిన్నరాములు రోజూ వచ్చి, వానల గురించి మాట్లాడి వెళ్ళేవాడు. ఐసు పొట్టులోనే కరిగిపోయింది. లారీ రావడం మానేసింది. చాయ్ హోటల్ పొయ్యి ఆరింది.

ఒక పొద్దున చిన్నరాములు కోడలు కౌసల్య టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు వైపు పోతూ కనిపించింది. మందు గోలీల కంపెనీలో కూలికట. ఆమెది ఇంకా పాలు తాగే బిడ్డ.

"బిడ్డనెవరు సూస్తరే?" అని అడిగాను.

"సూస్తర్లే అక్కా. నువ్వు పరేషాన్ గాకు."

అప్పటికే ఆమె రవిక ముందంతా పాలతో తడిసి ఉంది.

నేను నేరుగా గుంజ దగ్గరికి వెళ్ళాను. అత్త నా ముఖం చూసింది. కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.

యాదగిరి ముడి వేస్తే పళ్ళతో లాగి బిగించేవాడు. నా వేళ్ళకు అది లొంగలేదు. నేనూ పళ్ళే పెట్టాను. నీచు వాసన, తారు చేదు. విప్పినంతసేపూ అతను ఉన్నట్టేనని ఆగి ఆగి విప్పాను. అయినా ముడి వదులైంది.

చిన్నరాములు ఆ వల తీసుకుపోయి వేశాడు. మొదట బొచ్చె చేప పడింది. తెచ్చి మా గడపలో పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

వండాను. ఇద్దరం కంచాల ముందు కూర్చున్నాం. ఆ నీళ్ళలో తిరిగిన చేప అది. నా చెయ్యి ముందుకు పోలేదు. అత్త ముల్లు తీసి, ముక్క నా నోట్లో పెట్టింది. తనూ ఒక ముద్ద తిన్నది.

"ఉప్పు తక్కువైంది," అంది. ఇంకో ముల్లు తీస్తూ అంది, "వాడు గిట్లనే తింటుండె."

బయట పుట్టిలు నీళ్ళలోకి దింపుతున్న చప్పుడు వినబడింది.

మొగులమ్మ, యాభై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉండేది బొంతపల్లి.