కౌంటెస్‌గారి పద్నాలుగు మెట్లు

పొద్దున్న ఏడున్నరకి హెస్టర్, బెథాన్ మేడ మీది గదుల్లోంచి ఒకేసారి బయటికొచ్చి, ఒకే మెట్ల మీద పక్కపక్కనే దిగడం మొదలుపెట్టేవారు. హెస్టర్ వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పడేసే వేళకి బెథాన్ కమ్మీ పట్టుకుని ఆయాసపడుతూ ఇంకా దిగుతూనే ఉండేది. హెస్టర్‌కి పద్నాలుగు మెట్లు. బెథాన్‌కి ముప్పై రెండు.

విండ్రిగ్ హాల్ అనే ఆ పాత బంగళాలో మెట్లు ఎప్పుడూ అంతే. ఎర్ల్‌కీ, ఆయన పెళ్ళాడిన కౌంటెస్‌కీ పద్నాలుగు; తక్కిన లోకానికంతటికీ ముప్పై రెండు. ఎర్ల్ అన్న బిరుదు తండ్రి పోయాక, పెళ్ళయిన తర్వాత పుట్టిన మగబిడ్డల్లో పెద్దవాడికే దక్కుతుంది. తివాచీ వేయడానికొచ్చినవాడు ముప్పై రెండు మెట్లకి కొలిచి కోశాడు, జానెడు కూడా మిగల్లేదు. ముప్పై ఆరేళ్ళ కిందట హెస్టర్ బడిపంతులి కూతురుగా చర్చిలోకి వెళ్ళి కౌంటెస్‌గా బయటికొచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆమెకి పద్దెనిమిది మెట్లు తగ్గాయి, అత్తగారికి పద్దెనిమిది పెరిగాయి. ఆవిడ పెట్టె సర్దుకుని తోట చివరి చిన్నింటికి వెళ్ళిపోయింది. పెళ్ళి కేకు ముక్క పంపిస్తే తిప్పి పంపింది.

హెస్టర్ భర్త పోయి ఆరేళ్ళయింది. కొడుకు లారెన్స్ ఎర్ల్ అయ్యాడు గాని, అతనికి పెళ్ళి కాలేదు కనక కౌంటెస్ ఇంకా హెస్టరే. బెథాన్ పశువుల డాక్టరు. మూడేళ్ళుగా లారెన్స్‌తో ఈ ఇంట్లోనే ఉంటోంది. ఇప్పుడు ఆమెకి ఎనిమిదో నెల నిండుతోంది.

"వీళ్ళు పెళ్ళెందుకు చేసుకోరో నాకర్థం కాదు, మేవిస్," అంది హెస్టర్ ఒకరోజు. మేవిస్ ముప్పై ఏళ్ళుగా ఆ ఇల్లు ఊడ్చి తుడుస్తున్న మనిషి.

"మీకర్థం కాలేదా, అమ్మగారూ? పోస్టాఫీసు వరసలో నిలబడేవాళ్ళందరికీ అర్థమైంది."

"ఏమని?"

"మీ మోకాలు. ఆస్పత్రివాళ్ళు ఆపరేషన్‌కి వచ్చే మార్చి అన్నారు. ఈలోపు పెళ్ళయితే మీరు ముప్పై రెండూ ఎక్కాలి. మిమ్మల్ని మీ గదిలోంచి వెళ్ళగొట్టిన పేరు తనకెందుకని ఆ పిల్ల ఆగింది. కడుపుతో రోజుకి ఆరుసార్లు ఎక్కి దిగుతోంది, మీరేమో అర్థం కాదంటున్నారు. కాస్త కాలు తీయండి, అక్కడ తుడవాలి."

హెస్టర్ కాలు తీసింది.

ఆ పూట భోజనాల దగ్గర కొడుకుని అడిగింది. "మీ పెదనాన్న గైల్స్ సంగతి గుర్తుందా? మీ తాతగారి పెళ్ళికి తొమ్మిది రోజుల ముందు పుట్టాడు. తర్వాత పెళ్ళయినా లాభం లేకపోయింది. పెద్దవాడై ఉండి కూడా ఎర్ల్ కాలేదు."

"ట్రాక్టర్లు అమ్ముకుంటూ సంతోషంగానే ఉన్నాడు కదమ్మా."

"సంతోషంగానే ఉన్నాడు. ఈ ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ మెట్లు పైకి లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాడు. నేను విన్నాను."

"ఆడపిల్ల పుడితే ఈ గొడవే లేదు."

"మగపిల్లాడు పుడితే? వాడు పెద్దయ్యాక అడిగితే, మీ నాయనమ్మ మోకాలు నొప్పి అని చెబుతావా?"

లారెన్స్ బంగాళాదుంపలు కెలుకుతూ కూర్చున్నాడు.

"హెస్టర్, మీ గది..." అంది బెథాన్.

"నా గది సంగతి నేను చూసుకుంటాను. వీణ్ణి చేసుకోవాలని నీకుందా, లేదా?"

"మూడేళ్ళనుంచీ ఉంది. కౌంటెస్ అవ్వాలని మాత్రం లేదు. గొర్రె కడుపులో మోచెయ్యి దాకా పెట్టి ఉన్నప్పుడు ఎవరైనా నన్ను లేడీ విండ్రిగ్ అంటే నవ్వొస్తుంది."

"ఆ పేరు వద్దన్నా వస్తుంది. నాకూ నన్నడిగి రాలేదు. అలా పిలవొద్దని చెప్పుకో, అంతకంటే చేయగలిగిందేం లేదు."

పెళ్ళి నోటీసు పెట్టాక ఇరవై ఎనిమిది రోజులు ఆగాలన్నారు రిజిస్ట్రారు. కాన్పుకి డాక్టరు చెప్పిన తారీఖు ముప్పై నాలుగు రోజుల్లో ఉంది. ఆ ఇరవై ఎనిమిది రోజులూ హెస్టర్ బెథాన్‌ని ఏ గొర్రెల దొడ్డి వైపూ వెళ్ళనివ్వలేదు. బెథాన్ తుమ్మినా తను లేచి నిలబడేది.

మంగళవారం పదకొండు గంటలకి సంతకాలయ్యాయి. సాక్షులు హెస్టర్, మేవిస్. ఇంటికొచ్చాక బెథాన్ పడుకుంటానని పైకెళ్ళింది. "మెట్లు అప్పుడే అయిపోయాయా!" అన్న ఆమె గొంతు కిందికి వినిపించింది.

సాయంత్రం హెస్టర్ మంచాన్ని కింది గదికి దింపడానికి ఇద్దరు మనుషులు రావాలి. చివరిసారిగా తన గది చూసుకుందామని రెండున్నరకి ఆమె ఎక్కడం మొదలుపెట్టింది. పద్నాలుగో మెట్టు తర్వాత పదిహేనోది ఉంది. పదహారోదీ ఉంది. పంతొమ్మిదో మెట్టు దగ్గర మలుపు తిరిగేసరికి గోడలో పెద్ద కిటికీ కనిపించింది. దాని వెడల్పాటి అరుగు మీద మేవిస్ బూట్లు విప్పుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటోంది.

"ఇదెప్పటినుంచి ఉంది?"

"కిటికీయా? నేను చేరినప్పటినుంచీ. పదకొండింటికి రోజూ ఇక్కడే కూర్చుంటాను, ఇవాళ పెళ్ళితో ఆలస్యమైంది. మీ అడుగులు వినిపించేవి, మీరు మాత్రం ఎప్పుడూ ఇటు వచ్చింది లేదు. జరుగుతాను, కూర్చోండి. పైన ఇంకా పదమూడున్నాయి, ఎక్కడికీ పోవు."

హెస్టర్ మోకాలు పట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి లోయ అంతా ఒక్క చూపుకి అందుతోంది.

అప్పుడే పైన తలుపు చప్పుడైంది. "హెస్టర్! మొదలైంది!" అన్న కేక వినిపించింది. వాళ్ళ పక్కనుంచే రెండు జతల అడుగులు గబగబా దిగాయి. మనుషులు కనబడలేదు. అడుగులు పద్నాలుగే. మరుక్షణం కింద వాకిట్లో, పెళ్ళి గౌను మీద పొలం కోటు వేసుకున్న బెథాన్‌ని లారెన్స్ కారెక్కిస్తున్నాడు.

"మూడున్నర గంటలు," అంది మేవిస్ గడియారం చూసుకుని. "గైల్స్‌గారికి తొమ్మిది రోజులు తక్కువైంది, ఈ బిడ్డకి మూడున్నర గంటలు మిగిలాయి. మగపిల్లాడైతే మెట్లు పద్నాలుగే."

"ఎర్ల్ అయ్యాక కదా. లారెన్స్‌కింకా ముప్పై మూడేళ్ళే. అందాకా ఏ బిడ్డకైనా ముప్పై రెండే."

హెస్టర్ ఆ మాట అనేసి అరుగు మీద గోడ వైపుకి జరిగి, ఇద్దరి మధ్యా ఒక చిన్నపిల్ల కూర్చునేంత చోటు మిగిలిందో లేదో చూసింది.

"మేవిస్, ఆ మనుషులొస్తే మంచం కదపొద్దని చెప్పు."