ఆరువందల పన్నెండు

అత్తయ్య పుస్తకాల అలమారా పైఅర మీద చూపుడువేలు గీసి, ఆ వేలు నా ముఖం ముందు పెట్టింది. "చూడమ్మా, ఎంత దుమ్మో! రోజూ తుడుస్తున్నానంటావు. మరి రోజూ ఎక్కణ్ణుంచి వస్తోంది?" చూశాను. దుమ్ము ఉన్నమాట నిజమే. ప్రశ్న కూడా మంచిదే. పదకొండు నెలలుగా నేను చేస్తున్న పనంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఆ సంగతి చెబితే, తుడవడానికి బద్ధకించి ఆకాశం మీదికి నెడుతోంది అంటుందావిడ. నోరు మూసుకుని గుడ్డ తెచ్చి తుడిచాను.

మా ఆయన ఖగోళ పరిశోధన సంస్థలో ప్రొఫెసరు. మనకి దగ్గర్లో ఉన్న నక్షత్రాల్లో వేటి చుట్టూ దుమ్ము ఉందో కనిపెట్టడం ఆయన ప్రాజెక్టు. మామూలు టెలిస్కోపులో చూస్తే నక్షత్రం వెలుగు ముందు దుమ్ము ఆనదు. కానీ ఆ దుమ్ము వెచ్చబడి, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఇస్తుంది. చాలా ఏళ్ళ కిందట ఒక టెలిస్కోపు అంతరిక్షంలో తిరుగుతూ ఆకాశమంతటినీ ఆ వెలుగులో ఫొటోలు తీసిపెట్టింది. కావాలంటే ఎవరైనా ఇంటర్నెట్ నుంచి దించుకుని చూసుకోవచ్చు. ఫలానా నక్షత్రం ఆ ఫొటోలో ఇంత వెలగాలని లెక్క ఉంటుంది. అంతకు మించి వెలిగితే, ఆ మించింది దుమ్ముది. అయితే దొంగ దుమ్ము కూడా ఉంటుంది. ఎక్కడో వెనకాల ఉన్న గెలాక్సీ వచ్చి నక్షత్రం పక్కనే కనబడి లెక్క పాడుచేస్తుంది. కంప్యూటరు ఇట్టే మోసపోతుంది. అందుకని మనిషి కూర్చుని, ఒక్కొక్క బొమ్మా కళ్ళతో చూసి, ఇది ఔను, ఇది కాదు అని గుర్తు పెట్టాలి. పద్దెనిమిది వందల నలభై బొమ్మలు. ఆ మనిషిని నేనే.

"నీకెలాగూ పగలంతా ఖాళీయే కదా" అన్నారాయన. ఖాళీ! వినడానికి ఎంత బాగుందో. మేమిద్దరం ఒకే క్లాసు. పరీక్షల్లో నా వెనకే ఉండేవారు, మార్కుల్లోనూ వెనకే. పీహెచ్‌డీ ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. అమ్మాయి పుట్టాక "రెండేళ్ళు ఆగు, తర్వాత మళ్ళీ చేద్దువుగాని" అన్నారు. అమ్మాయికిప్పుడు పదహారేళ్ళు. ఆ రెండేళ్ళు ఇంకా అవలేదు. అప్పట్లో ఆయన్ని నేను "నువ్వు" అనేదాన్ని. పెళ్ళయ్యాక అత్తయ్య "నలుగురిలో బాగుండదమ్మా" అంటే "మీరు" అయ్యారు. నేనేం బాధపడలేదు, అబద్ధం ఎందుకు. అలవాటయిపోయింది. అలవాటయిపోవడం మీదే ఇప్పుడు నాకు కోపం.

తొమ్మిదింటికల్లా తండ్రీ కూతురూ వెళ్ళిపోతారు. నేను బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసి, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరుస్తాను. ఎదుట అత్తయ్య బీన్స్ ఈనెలు తీస్తూ ఉంటుంది. ఒకరోజు "అంతలా ఏం చూస్తావే?" అంది. చెప్పాను. వయసు మళ్ళిన నక్షత్రం దగ్గర దుమ్ము నిలవదు, నక్షత్రం వెలుగే దాన్ని ఊడ్చేస్తుంది, అయినా ఉందంటే అక్కడ పెద్దపెద్ద రాళ్ళు ఇంకా ఒకదాన్నొకటి ఢీకొట్టుకుని పిండి అవుతున్నాయన్నమాట, అన్నాను. అత్తయ్య ఇంకో ఈనె తీసి "అంటే ఆ కొంపలోనూ గొడవలేనన్నమాట" అంది. నాకు నవ్వాగలేదు. మా ఆయన విద్యార్థులకి గంటసేపు చెప్పేది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆరువందల పన్నెండో బొమ్మ దగ్గర ఆగిపోయాను. నక్షత్రం ఉండాల్సిన చోట, అంటే బొమ్మ నడిమధ్యన, ఏమీ లేదు. కంప్యూటరు "దుమ్ము లేదు" అని రాసేసింది. దుమ్ము సంగతి సరే, అసలు నక్షత్రమే లేదే! పైమూల మాత్రం ఒక చుక్క ఉంది. ఇలా నడుమ ఖాళీగా, మూల చుక్కతో ఉన్న బొమ్మలు ముందు కూడా చూసినట్టు గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి వెతికాను. బోలెడు. అన్నీ మనకి మరీ దగ్గరగా ఉన్న నక్షత్రాలే. దగ్గరగా ఉన్నవి ఆకాశంలో త్వరగా జరుగుతాయి. ఫొటో తీసింది ఎప్పుడో, మా ఆయన జాబితాలో రాసుకున్న చోట్లు ఇప్పటివి. వెనక్కి జరిపి చూసుకోవాలన్న సంగతి ఈ పని చేసే వాళ్ళందరికీ తెలుసు. కొందరికే తెలిసిందైతే ఎవరో ఒకరు గుర్తుచేసి ఉండేవారు, అందరికీ తెలిసింది కాబట్టి అందరూ మర్చిపోయారు. కాగితం మీద లెక్క వేశాను. ఫొటో తీసిన ఏడాది ఆ నక్షత్రం సరిగ్గా ఆ మూలే ఉంది. వెలుగు కొలిచాను. ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు! పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా కుర్చీలోంచి లేవలేదు. "అత్తయ్యా, దొరికింది, ఆరొందల పన్నెండు దొరికింది!" అని కేకేశాను. ఆవిడ కంగారుగా వెళ్ళి స్టవ్ కట్టేసింది.

సాయంత్రం ఆయనకి చెబితే ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "నువ్వు గుర్తులు పెట్టు చాలు. మిగతాది మేం చూసుకుంటాం." వారం తర్వాత "ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వు" అన్నారు. మర్నాడు "ఇలాంటివన్నీ ఏరి సరిచేసి ఒక పట్టిక చెయ్యి, సోమవారానికి కావాలి" అన్నారు. నలభై మూడు తేలాయి. వాటిలో నాలుగింటికి దుమ్ముంది.

సోమవారానికి ముందురోజు, ఆదివారం, వాళ్ళ డైరెక్టరుగారు భోజనానికి వచ్చారు. నేను వడ్డిస్తున్నాను. "అసలు నక్షత్రాల్ని వెనక్కి జరిపి చూడాలన్న ఆలోచన ఎలా వచ్చిందయ్యా?" అని అడిగారాయన. మా ఆయన చెయ్యి ఆడిస్తూ, "స్నానం చేస్తుంటే తట్టింది సార్" అన్నారు. గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. అత్తయ్య తల ఎత్తి, "నీకెప్పుడు తట్టిందిరా? ఆరొందల పన్నెండు ఇది కదా కనిపెట్టింది! పాలన్నీ పొంగబెట్టి అరిచింది, నేనేగా స్టవ్ కట్టేశాను" అంది. డైరెక్టరుగారు పకపకా నవ్వి, "పెద్దావిడ కోడలి పార్టీ!" అన్నారు. మా ఆయన కూడా నవ్వి, "మా ఆవిడ సాయం చాలా ఉంది లెండి, బొమ్మలు చూసిపెట్టింది" అన్నారు. నేనూ నవ్వాను. అదీ నా సిగ్గు. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు.

డైరెక్టరుగారిని సాగనంపి వచ్చి, మా ఆయన ఖగోళశాస్త్ర పత్రికకి పంపబోయే వ్యాసం తెరిచి చూపించారు. "చివర్లో నీ పేరు వేశాను చూడు." చూశాను. 'నా భార్యకు, ఆమె సహనానికి కృతజ్ఞతలు' అని ఉంది. పేరు లేదు. మొదటి పేజీలో ఐదుగురి పేర్లున్నాయి. అందులో ఇద్దరు ఆ బొమ్మల మొహం కూడా చూడలేదు.

"ఇక్కడ నా పేరేదండీ?" అన్నాను.

"ఇంట్లోవాళ్ళ పేరు పెడితే ఏం బాగుంటుంది? పెళ్ళాన్ని పైకి లాగుతున్నాడంటారు. అయినా మనలో మనకి నీ పేరేమిటి, నా పేరేమిటి?"

"అయితే మీది తీసేద్దాం."

నేను హాస్యమాడాననుకుని భుజం తట్టి వెళ్ళి పడుకున్నారు.

సోమవారం తొమ్మిదింటికి అందరూ వెళ్ళాక లాప్‌టాప్ తెరిచాను. పట్టిక సిద్ధంగానే ఉంది. దాని చుట్టూ నాలుగు పేజీలు రాశాను. పొరపాటు ఎక్కడ జరిగిందో, ఎలా సరిచేశానో, ఏ నాలుగింటికి దుమ్ముందో. నక్షత్రాల జాబితా ఆయనదని మొదటి పేజీలోనే రాశాను, ఒకరి కష్టం నాకొద్దు. పైన నా పేరు కొట్టాను. పదహారేళ్ళలో స్కూలు ఫారాల మీద, గ్యాస్ పుస్తకం మీద తప్ప ఎక్కడా రాసుకోని పేరు. రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకున్నాను. భయమే, ఇంకేం కాదు. ఇవాళ సాయంత్రం ఈ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పదకొండింటికి మా ఆయన ఫోన్ చేశారు. "పట్టిక పంపావా?"

"ఇంకో పావుగంట."

అత్తయ్య బీన్స్ గిన్నెతో వచ్చి ఎదుట కూర్చుంది. అలమారా వైపు చూసింది. ఇవాళ తుడవలేదని ఆవిడకి తెలిసిపోయింది. "ఏం రాస్తున్నావు?" అంది.

"నేను కనిపెట్టింది నేనే రాస్తున్నాను అత్తయ్యా. పత్రికకి పంపుతాను."

ఆవిడ గిన్నె కొంచెం పక్కకి జరిపి, నా కాగితాలకి చోటిచ్చింది.

చివర కృతజ్ఞతలు మిగిలాయి. అవి లేకుండా పంపితే మర్యాద కాదు. కాసేపు ఆలోచించి ఇలా రాసి, పత్రికకి ఒకటి, ఆయనకి ఒకటి పంపేశాను: 'మా అత్తగారికి, ఆ రోజు స్టవ్ కట్టేసినందుకు. నా భర్తకు, ఇకమీదట ఆయన చూపించబోయే సహనానికి.'