కొర్రమీను కార్జం

రిపోర్టు మీద సంతకం నాదే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

హన్మకొండలో ఒక ప్రైవేటు ల్యాబులో ఆరేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నీళ్లు, మట్టి, ఆకుకూరలు, ఏది తెచ్చిచ్చినా యాసిడ్‌లో కరిగించి అందులో సీసం ఎంత, కాడ్మియం ఎంత అని మిషన్ మీద చూసి చెప్పడం నా పని. మా బాపు రాయమల్లు ఊరవతలి చెరువులో చేపలు పడతాడు. సిటీ మోరీల నీళ్లు, షెడ్లలో పాత బ్యాటరీలు కడిగిన నీళ్లు అన్నీ ఆ చెరువుకే వస్తాయి. అక్కడి చేపలు తినొద్దని పుకారు పుట్టి, కాజీపేట నుంచి వచ్చే బేరం సగానికి సగం పడిపోయింది. చేపలు పట్టేవాళ్ల సంఘం తరఫున బాపే నా ముందు రెండు కొర్రమీన్లు పెట్టాడు. "జర మిషన్ల పెట్టి చూడు బిడ్డా" అన్నాడు.

చూశాను. ల్యాబుకు తీసుకెళ్లే ముందు చేపల్ని ఇంట్లోనే శుభ్రం చేశాను. ఏడేళ్ల వయసు నుంచి చేస్తున్న పని కదా, చెయ్యి దాని పాటికి అది పోయింది. బూడిద రాసి బండ మీద తోమి, పొలుసు తీసి, మొప్పలు కోసి, కడుపు చీల్చి పేగులు పారేశాను. కార్జం, అదే లివరు, మాత్రం పారేయలేదు. మా వాడలో కొర్రమీను కార్జం అమ్మరు, పారేయరు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు, బాలింతలకు పెడతారు. దాన్ని గిన్నెలో వేసి బాపుకిచ్చి, తెల్లటి కండ ముక్కలు డబ్బాలో పెట్టుకుని ల్యాబుకు పోయాను. ఆరేళ్ల టెక్నీషియన్‌ని, చేప చేతిలోకి రాగానే వంటింటి మనిషినైపోయాను.

కండలో ఏమీ లేదు. ఉండీ లేనట్టుగా ఉంది. తినొచ్చు అని రాసి సంతకం పెట్టాను.

ఆ రోజు గిన్నెలో వేసిన కార్జం తిన్నది నా చెల్లెలు సుకన్య. తొలిచూలు. రక్తం తక్కువగా ఉందని దవాఖానలో చెప్తే, అమ్మ లేని ఇల్లయినా సరే, మూడో నెలలోనే బాపు పోయి తీసుకొచ్చాడు. వంట ఆయనే చేస్తాడు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు, కార్జం నూనెలో వేయించి చెల్లి పళ్లెంలో వేస్తాడు. రిపోర్టు వచ్చాక వాడంతా తిరిగి, "మా శోభ చూసింది, బేఫికర్‌గ తినుండ్లి" అని చెప్పి వచ్చాడు. వాడలో ఇంకా ఇద్దరు కడుపుతో ఉన్నారు. వాళ్లూ తిన్నారు.

ఐదు నెలలు గడిచాయి. పోయిన బుధవారం మౌనిక అనే అమ్మాయి చేపల మీద రీసెర్చి చేస్తున్నానని ల్యాబుకు వచ్చింది. ఒక్కో చేపకు నాలుగు డబ్బాలు. కండ వేరు, మొప్పలు వేరు, కార్జం వేరు, మూత్రపిండం వేరు. ఇన్నెందుకు అని విసుక్కున్నాను. విసుక్కోవడం నాకు అలవాటే.

"కండల ఏముంటదక్కా?" అని నవ్విందా పిల్ల. "నీళ్లల్ల వచ్చింది వచ్చినట్టు కార్జంలనే దాసుకుంటది చేప. నీళ్లల్ల సూస్తే జరంతనే ఉంటది. ఏండ్లకేండ్లు కూడితే ఎంతైతదో సూడు."

మిషన్ మీద పెట్టాను. కార్జంలో కాడ్మియం కండలో కంటే నలభై రెట్లు. సీసం కూడా ఎక్కువే. మిషన్ తప్పు చూపిందేమోనని మళ్లీ పెట్టాను. మళ్లీ అదే అంకె. ఏ చెరువు చేపలని అడిగాను. చెప్పింది. మాదే.

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. గ్లౌజులు తీసి చేతులు కడుక్కుని, బండి వేసుకుని ఇంటికి పోయాను. ఇల్లు చేరేసరికి సుకన్య అన్నానికి కూర్చుని ఉంది. పళ్లెం పక్కన కార్జం ఉంది.

"తినకు" అన్నాను.

బాపు పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూశాడు. నిలబడే చెప్పాను, రిపోర్టు చదివినట్టు. కండ మంచిదే, కార్జంలోనే ఉంది, నేను కార్జం పరీక్షే చేయలేదు.

సుకన్య ముద్ద పళ్లెంలోనే వదిలేసింది. "మరి తిన్నది పోతదా అక్కా?"

"మెల్లమెల్లగ పోతది. మొత్తం పోదు."

"లోపలి పిల్లకు?"

"ముందు నీ రక్తం తీసి హైద్రాబాద్ పంపాలె. పిల్ల సంగతి పుట్టినంకనే తెలుస్తది."

అది కడుపు మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. పళ్లెం గోడ వైపు జరిపింది. బాపు పొయ్యి ఆర్పి, "నేను ఏరి ఏరి పెద్దయే తెచ్చిన" అన్నాడు. "మూడేండ్లయి, నాలుగేండ్లయి." ఎంత పాత చేపయితే అంత ఎక్కువ కూడుతుందన్న ముక్క నా నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మాత్రం మింగేశాను.

తర్వాత ఆయన చొక్కా వేసుకుని వాడలోకి బయలుదేరాడు. నేనూ వెంట నడిచాను. తప్పు నాదని చెప్పడానికే నడిచాను, ఆ మాట నిజం.

మొదటి ఇల్లు మల్లక్కది. ఆమె కోడలికి ఏడో నెల. నేను నోరు తెరిచేలోపే బాపు చెప్పేశాడు.

"కార్జం తినొద్దని నా బిడ్డ అప్పుడే చెప్పిందక్కా. కండనే తినుమన్నది. నేనే మీకు చెప్పుడు మరిచిన."

నేను బాపు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

మల్లక్క చేతిలోని చేట అరుగు మీద పెట్టి లేచింది. "మరిచినవా? నీ చిన్నబిడ్డకు కార్జం బందు పెట్టుకొని, మా కోడలికి చెప్పుడు మరిచినవా రాయమల్లూ? గింత పాపం మూట కట్టుకుంటవా?"

ఆయన చేతులు జోడించాడు. "తప్పయింది మల్లక్కా."

"నీ ఇంట్ల మనుమడు మంచిగుండాలె, మా ఇంట్ల ఏమన్నగానీ. గంతేనా?"

తలుపు వెనక కోడలు నిలబడి వింటోంది. సుకన్య అందరికంటే ఎక్కువ తిన్నదని ఒక్క మాట చెబితే సరిపోయేది. పరీక్ష తప్పు చేసింది నేనని ఇంకో మాట. ల్యాబులో అందరి మీదా లేచే నోరు నాది. అప్పుడు లేవలేదు. ఉద్యోగం గుర్తొచ్చింది, సంతకం గుర్తొచ్చింది, ఆ తర్వాత ఏమీ గుర్తు రాలేదు. ఊరికే నిలబడ్డాను.

మల్లక్క తిట్టినంతసేపూ తిట్టించుకుని, బాపు చెప్పులు వేసుకున్నాడు.

"ఇంకో ఇల్లున్నది" అన్నాడు. "అక్కడ గూడ నేనే చెప్త. నువ్వు ఇంటికి పో బిడ్డా, సుకన్య ఒక్కతే ఉన్నది."

సరేనన్నాను.